పేపర్ల వచ్చింది గదా! వార్తను తూకం వేసుకోవడం ఎలా?

దేవరకొండ బస్టాండు ముందు హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి జిల్లా పేజీ మీద వేలు పెట్టి, "పేపర్ల వచ్చింది గదనే, అబద్ధమైతదా?" అన్నాడు. ఇంకో చాయ్ వచ్చేలోపు పేజీ తిప్పి, "ఈ పేపరోళ్లంత అమ్ముడువోయిన్రు, ఒక్కన్ని నమ్మేటట్టు లేదు" అన్నాడు. తొంగి చూశాను. మొదటి వార్త ఎదుటి పార్టీ నాయకుడి మీద. రెండోది ఆయన పార్టీ నాయకుడి మీద.

ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా దేశదేశాల్లో జనాన్ని వార్తలను నమ్ముతారా అని అడుగుతుంది. 2021 నివేదికలో మన దేశంలో నమ్ముతామన్నవాళ్లు 38 శాతం. వాళ్లు అడిగింది ఇంగ్లీషు వచ్చి, ఇంటర్నెట్ వాడేవాళ్లను. మా హోటల్లో అడిగితే పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క వచ్చేది.

నేను పదకొండేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేసి మానేశాను. ఏ పత్రికని అడగకండి. ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుకుంటున్నాను, పొద్దున మూడు పేపర్లు వేయించుకుంటాను. మీడియాను నమ్మొచ్చా సార్ అని దుకాణానికి వచ్చినవాళ్లు అడిగితే వడ్ల కొనుగోలు కేంద్రాన్ని గుర్తుచేస్తాను. అక్కడ రైతు మంచోడా కాదా అని ఎవరూ విచారించరు. కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి తేమ మిషన్లో పోస్తారు. 17 శాతం దాటకపోతే కాంటా ఎక్కుతుంది, దాటితే ఇంకో పూట ఎండాలి. ఏ కుప్ప లెక్క ఆ కుప్పదే. వార్తనూ అట్లాగే చూడాలి. నేను చూసుకునే తీరు కింద చెబుతున్నాను. మిగతావి అటూఇటూ అయినా ఫరవాలేదు, మొదటిది మాత్రం వదలకండి.

1. వాక్యం చివర ఏముందో చూడండి

తెలుగు వాక్యంలో గుట్టంతా చివరి మాటలో ఉంటుంది. శీర్షికను పక్కనపెట్టి, ఒక్కో వాక్యం తోకను పట్టుకోండి.

"అన్నారు", "తెలిపారు", "పేర్కొన్నారు" అని ఉంటే, ఆ మనిషి ఆ మాట అన్నాడన్నంత వరకే విలేకరి పూచీ. మాట నిజమో కాదో ఆయన చూడలేదు. జిల్లా పేజీల్లో సగానికి సగం ఇవే. చాలావాటికి పార్టీ ఆఫీసు నుంచో, సంఘం నుంచో ప్రెస్‌నోటు వచ్చి ఉంటుంది. ఒకే వార్త మూడు పేపర్లలో అవే మాటలతో వచ్చిందంటే మూడుచోట్ల రుజువైందని అనుకోకండి, ఒకే కాగితం ముగ్గురికి వాట్సాప్‌లో వెళ్లిందని అర్థం.

"ఆరోపించారు" అంటే ఇంకో మెట్టు కింద. ఎవరు ఆరోపించారో పేరుండాలి, అవతలివాళ్ల వివరణ ఉండాలి. వివరణ అడిగామనీ వాళ్లు అందుబాటులోకి రాలేదనీ ఒక్క ముక్క ఉన్నా, విలేకరి ఫోను చేశాడని తెలుస్తుంది. అది కూడా లేకపోతే ఆ వార్తను ఇంకా ఎండబెట్టాలి.

అన్నిటికన్నా పచ్చివి "తెలిసింది", "సమాచారం", "ప్రచారం జరుగుతోంది", "విమర్శలు వెల్లువెత్తుతున్నాయి", "స్థానికులు ఆరోపిస్తున్నారు". ఈ చివరిదాని గురించి నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని వాడి ఒక మనిషిని గాయపరిచాను. మా మండలంలో ఒక రేషన్ డీలర్ బియ్యం పక్కదారి పట్టిస్తున్నాడని "స్థానికులు ఆరోపిస్తున్నారు" అని రాశాను. ఆ స్థానికులు ఒక్కడే. బండి మీద నా దగ్గరికి వచ్చి చెప్పి వెళ్లాడు. ఆ డీలర్‌షిప్ కోసం వాళ్లింట్లోవాళ్లే దరఖాస్తు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. నేను దుకాణానికి పోలేదు, స్టాక్ రిజిస్టర్ చూడలేదు, డీలర్‌ను అడగనూ లేదు. వార్తలు దిద్ది పేజీ కట్టే డెస్క్‌లో ఒకాయన దానికి బాక్స్ కట్టి, "పేదల బియ్యం పెద్దల పాలు" అని శీర్షిక పెట్టాడు. అధికారులు వచ్చి తనిఖీ చేస్తే లెక్క గింజతో సహా సరిపోయింది. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

2. రాసినవాడి బతుకు లెక్క తెలుసుకోండి

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండలానికో విలేకరి వచ్చాడు. ఊళ్లో బోరు ఎండినా, బడి గోడ కూలినా అచ్చులోకి ఎక్కడం అప్పటినుంచే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయినవాళ్ల గురించి, పాలమూరు నుంచి ముంబై పోయే వలస బస్సుల గురించి ఏళ్ల తరబడి రాసింది ఈ చిన్న విలేకరులే. అమ్ముడుపోయారని ఒక్క మాటలో తీసిపారేస్తే నాకు కోపమొస్తుంది.

కానీ ఆ చిన్న విలేకరి చాలాచోట్ల ఉద్యోగి కాడు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తలను కొలిచి నెలాఖరున ఇచ్చే లైన్ అకౌంట్ తప్ప జీతం ఉండదు. నాకు వచ్చింది పెట్రోలుకు సరిపోయిన నెలలు తక్కువ. పైగా పత్రికకు చందాలు కట్టించాలి, ప్రకటనల టార్గెట్ ఉంటుంది. జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15, దసరా, ఎమ్మెల్యే పుట్టినరోజు వచ్చాయంటే, ఎవరి మీద రాయాలో వాళ్లనే పోయి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. పొద్దున చెయ్యి చాచి, సాయంత్రం వాళ్ల ఇసుక ట్రాక్టర్ల మీద రాయడం ఎంతమందికి సాధ్యం?

అందుకని ఒక పని చేయండి. ఒక నెలపాటు మీ జిల్లా పేజీలో శుభాకాంక్షల ప్రకటనలు ఎవరివో పాత క్యాలెండర్ వెనక రాసుకోండి. ప్రైవేటు బడి, రైస్‌మిల్లు, ఆసుపత్రి, రియల్ ఎస్టేట్ వెంచర్, నాయకుడు. పక్కనే, ఆ నెలలో వాళ్ల మీద ఎదురు వార్త ఒక్కటన్నా వచ్చిందా రాయండి. ఆ పేపర్ ఏ సంగతిలో నోరు విప్పుతుందో, ఏ సంగతిలో కుట్టుకుంటుందో మీకే తెలిసిపోతుంది. అచ్చయిన అబద్ధాలకన్నా అచ్చుకాని నిజాలే నా అనుభవంలో ఎక్కువ.

3. యజమాని ఎవరో చూసి, రెండు చదవండి

పత్రిక ఎవరిదో దాచిపెట్టిన రహస్యం కాదు. ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుడు, ముద్రించిన చోటు, అన్నీ ఏదో ఒక పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త పత్రికల చట్టం వచ్చినా, పత్రికకు రిజిస్ట్రేషన్ తప్పనిసరే. ఏడాదికి రెండుసార్లు పండగ సంచిక వేసి, విలేకరినంటూ కార్డు చూపించేవాడు ఎదురైతే ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

పెద్ద పత్రికల సంగతి అందరికీ తెలిసిందే. సాక్షి వైఎస్ జగన్ కుటుంబానిది. నమస్తే తెలంగాణ బీఆర్ఎస్ నాయకత్వానికి దగ్గర. వెలుగు కాంగ్రెస్ నాయకుడు వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. నవ తెలంగాణ సీపీఎం వైపు నిలబడుతుంది. ఇది తెలిశాక వాటిని చదవడం మానేయక్కర్లేదు. తన వైపువాళ్లకు ఇబ్బంది కలిగించే వార్తను ఏ పత్రికైనా వేసిందంటే దాన్ని కాస్త ఎక్కువ నమ్మొచ్చు. ఎదుటివాళ్ల మీద వేసిందంటే రెండోదాంట్లో కూడా చూడాలి. రెండింటిలోనూ ఉన్న పేర్లు, అంకెలు, తేదీలు నికరం. ఒక్కదాంట్లోనే ఉన్న విశేషణాలు దాని సొంతం.

వైపు ఉండడం కొత్తేమీ కాదు. 1922లో మన నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో అవి తెలుగు వైపు నిలబడ్డాయి, ఆ మాట దాచుకోలేదు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం 1934లో 354 మంది కవుల పద్యాలు పేర్లతో సహా అచ్చేసి చూపించారు. మన పత్రికలకు ఈరోజు అట్లాంటి జవాబు అలవాటు తప్పింది.

4. ఊరి పేరుతో, అంకెతో పరీక్షించండి

ఇది మన ప్రాంతం వాళ్లకు సులువు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. ఫోన్లో వచ్చిన పేపర్ ముక్క మీద "మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల" అని కనబడిందా, అది పాతదన్నా అయ్యుండాలి, ఇక్కడి వాసన తెలియనివాడు తయారుచేసిందన్నా అయ్యుండాలి. మాటల్లో మనం ఇప్పటికీ మొత్తాన్నీ పాలమూరు జిల్లా అనే అంటాం కాబట్టి ఈ పరీక్ష అచ్చు అక్షరానికే.

ఏటా ఆగస్టులో "సాగర్‌కు ప్రమాదం" అని వీడియోలు తిరుగుతాయి. గేట్లు లెక్కపెట్టండి. నాగార్జునసాగర్‌కు 26, శ్రీశైలానికి 12. వీడియోలో గేట్లు ఇంకోలా ఉంటే అది ఇంకెక్కడిదో. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలం 885. ఎవరన్నా సాగర్లో 620 అడుగుల నీళ్లున్నాయంటే ఆయన అంకెను వండుతున్నాడు.

5. ఫోన్లోకి వచ్చింది పేపర్ కాదు

2018 మేలో జరిగింది గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు. బీబీనగర్ దగ్గర ఒక అమాయకుణ్ణి జనం కొట్టి చంపారు. అదే రోజుల్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారు. ఆ పుకారు ఏ పేపర్లోనూ వార్తగా మొదలవలేదు. అయినా ఊళ్లలో "వార్తల వచ్చింది" అనే చెప్పుకున్నారు. ఈ కలగాపులగమే అసలు జబ్బు.

వచ్చిన మెసేజ్ మీద రెండు బాణాలు కలిపి ఉన్నాయా చూడండి. ఉంటే అది చాలా చేతులు మారింది, మీకు పంపినవాడికి దాని పుట్టుక తెలియదు. "ఇది నీకెవరు పంపిన్రు?" అని తిరిగి అడగండి. మూడో మనిషి దగ్గర దారి మూసుకుపోతుంది. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. వీడియో అయితే ఆపి, బోర్డో బస్సు నంబరో కనిపించే చోట స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. పాతది అయితే రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

చానల్ లోగో ఉందని ఆగిపోవద్దు. వే2న్యూస్ అనే వార్తల యాప్ లోగోతో దొంగ వార్తలు ఎన్ని తయారవుతాయో, ఆ సంస్థే తమ వార్తలను సరిచూసుకునే పేజీ పెట్టుకోవాల్సి వచ్చింది. 2022 నవంబర్ 3న మునుగోడు ఉపఎన్నిక పోలింగ్ నడుస్తుండగానే కాంగ్రెస్ అభ్యర్థి పార్టీ మారుతున్నారని ఫోన్లలో తిరిగింది. అదంతా అబద్ధమని ఆమే బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. పోలింగ్‌కు ముందు రెండు రోజులు, పోలింగ్ రోజు వచ్చే ఏ వార్తనూ ముందుకు తొయ్యకండి. డబ్బులిచ్చి రాయించిన వార్త అని అనుమానముంటే జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్ కింద ఎంసీఎంసీ అనే కమిటీ ఉంటుంది, అక్కడ రాసివ్వొచ్చు. తెలుగులో సరిచూసే సంస్థలు ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

6. బ్రేకింగ్ అంటే ఉడకలేదని అర్థం

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. మొదటి మృతదేహం బయటికొచ్చింది మార్చి 9న. మధ్యలో పదిహేను రోజులు టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎన్నిసార్లు ఆశపడి, ఎన్నిసార్లు ఏడ్చారో వాళ్లకే తెలుసు. అట్లాంటప్పుడు టీవీ కట్టేసి, పొద్దుటి పేపర్ కోసం ఆగండి. ఆగలేకపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్, కలెక్టర్ పేరుతో చెప్పినదాన్ని ఒక పక్క, "అక్కడి నుంచి అందుతున్న సమాచారం" అన్నదాన్ని ఇంకో పక్క పెట్టుకోండి.

7. ఒక ఫోను, లేదా పది రూపాయలు

మీ ఊరి వార్తయితే మీకన్నా మంచి విలేకరి లేడు. పంచాయతీ కార్యదర్శికి, బడి హెడ్మాస్టరుకు, వార్తలో పేరున్న మనిషికి ఫోను చేయండి. "వానికే చేస్తే వాడు నిజం చెప్తడా?" అంటారు. చెప్పకపోవచ్చు, కానీ ఏం చెబుతాడో వినాలి.

డబ్బులు తిన్నారు, బిల్లులు ఎత్తారు అన్న వార్తకు కాగితం ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. "వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా సీసీ రోడ్డు ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) నకలు, చెల్లించిన బిల్లు నకలు" అని పేరు పెట్టి అడగండి. వచ్చిన కాగితం విలేకరికి ఇవ్వండి. అట్లాంటి కాగితం చేతికొస్తే ఎంత మండల విలేకరికైనా వెన్ను నిటారవుతుంది, అది నాకు తెలుసు.

8. మీ మీదే తప్పుడు వార్త వస్తే

చాలామంది చేసేది విలేకరి ఇంటి మీదికి పోవడం, లేదా ఊరి గ్రూపులో తిట్టడం. రెండూ పనికిరావు. నేను రాసిన ఆ రేషన్ డీలర్ చేసింది చెబుతాను, అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

ఆ రోజు పేపర్ రెండు ప్రతులు కొని దాచాడు. ఇ-పేపర్ స్క్రీన్‌షాట్ తేదీ కనబడేటట్టు తీయించాడు. తనిఖీ చేసిన అధికారి ఇచ్చిన నివేదిక నకలు తీసుకున్నాడు. అప్పుడు సంపాదకుడికి ఒక పేజీ ఉత్తరం రాశాడు. అందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. మీరూ ఇట్లా రాయొచ్చు:

"ఫలానా తేదీన, ఫలానా జిల్లా ఎడిషన్, ఫలానా పేజీలో వచ్చిన వార్తలో ఈ వాక్యం తప్పు. నిజం ఇది. రుజువు జతచేశాను. ప్రచురణకు ముందు నన్ను ఎవరూ సంప్రదించలేదు. అదే పేజీలో, అంతే స్పష్టంగా సవరణ వేయగలరు. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తాను."

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ముందు సంపాదకుడికి రాయకుండా ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు పోతే వాళ్లు తీసుకోరు. దినపత్రిక, వారపత్రిక అయితే వార్త వచ్చిన 2 నెలల్లోపు, మాసపత్రికల్లాంటివైతే 4 నెలల్లోపు ఫిర్యాదు చేరాలి. రుసుము లేదు. అచ్చయిన ముక్క, దాని ఇంగ్లీషు అనువాదం, సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, ఈ విషయం మీద కోర్టులో కేసు లేదన్న ప్రకటన జతచేయాలి. 1978 చట్టం ప్రకారం కౌన్సిల్ హెచ్చరించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. కోరలు లేని పాము అంటారు. నిజమే, కానీ బుస విని డెస్క్‌లో జనం లేచి కూర్చోవడం నేను చూశాను.

టీవీకి ప్రెస్ కౌన్సిల్ వర్తించదు. వార్తా చానళ్లు తమకు తామే పెట్టుకున్న ఫిర్యాదుల సంస్థ ఎన్‌బీడీఎస్ఏ కిందికి వచ్చే చానలైతే ప్రసారమైన 7 రోజుల్లోపు ముందు చానల్‌కు రాయాలి, ఆ తర్వాతే పైకి. వార్తా వెబ్‌సైట్లకు 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఇంట్లో మైకు పెట్టుకుని నడిపే యూట్యూబ్ చానల్‌తో తంటా ఎక్కువ. ముందు వీడియో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మీరు అడిగాక వాళ్లు తీసేస్తారు. పరువునష్టం కేసు భారతీయ న్యాయ సంహిత 356 కింద వేయొచ్చు గాని, అది వకీలుతో మాట్లాడాకే, ఏళ్లు పట్టినా ఫరవాలేదనుకున్నాకే.

"యాడ్ ఇస్తవా, రాయమంటవా" అని ఎవడన్నా బెదిరిస్తే అది వార్తల సంగతి కాదు. బలవంతపు వసూలు, సెక్షన్ 308. ఫోను రికార్డు పెట్టుకుని, వాడికి అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు, ఉందో లేదో జిల్లా పౌరసంబంధాల అధికారి కార్యాలయంలో కనుక్కుని, నేరుగా పోలీస్ స్టేషన్‌కు పొండి. మంచి విలేకరులే మీకు సాక్ష్యం చెబుతారు, వాళ్ల అన్నం కూడా వాడే చెడగొడుతున్నాడు కాబట్టి.

ఇక డీలర్ సంగతి. పంతొమ్మిదో రోజు సవరణ వచ్చింది. మూడు లైన్లు, కింద మూలకు, సినిమా ప్రకటన పక్కన. ఆయన నా వార్తనూ, ఆ మూడు లైన్లనూ కత్తిరించి దుకాణం తలుపు మీద పక్కపక్కన అంటించాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఎండకు కాగితం పసుపెక్కి, అక్షరాలు వెలిసిపోయినా తీయలేదు. మాదీ ఆ దుకాణమే. నెలనెలా బియ్యం సంచి పట్టుకుని ఆ తలుపు ముందే వరుసలో నిలబడేవాణ్ణి.